లక్ష్మీరాజం పోవుడు ఇడిచిన ఏడు

ఫాల్గుణం ఆఖరుకు వచ్చిందంటే హుస్నాబాద్ మగ్గాల వాడంతా ఎర్రమట్టి జాజు వాసన, తడి సున్నం వాసన. ఆడోళ్ళు గోడలు అలుకుతరు, కుండలు తోముతరు, బొంతలు గోలెంల నానేస్తరు. మొగోళ్ళు మగ్గం గుంతలల్ల దిగి ఏడాది పొడుగునా పేరుకున్న నూలు పీచు ఊడ్చి పారబోస్తరు. ఈ పనుల నడుమనే ఒకరినొకరు అడుగుతరు, "ఈ ఏడు ఏం ఇడుస్తున్నవే?" అని. వేరే ఊళ్ళల్ల పండుగకు ఏం వండుతున్నవని అడిగినట్టే.

ఇడుసుడంటే అలవాటు ఇడుసుడు. ఉగాదికి ముందటి అమాస నాడు పొద్దు గూకక ముందే తానం చేసి, గడప మీద నిలబడి, ఏడాదంతా ఎట్ల బతికినమో తలుచుకొని, తనకు పనికిరాని అలవాటు ఏదో దాని పేరు పైకి చెప్పాలె. చెప్పంగనే అది పెయ్యిలకెళ్ళి, ఒంటి మీదికెళ్ళి లేస్తది. తడి పెయ్యి మీద ఎండ పడితే ఆవిరి లేసినట్టు అందరి కండ్ల ముందే లేస్తది. అయితే అలవాటు ఒట్టిగ ఉండలేదు, దానికి ఇంకో పెయ్యి కావాలె. అందుకే తెలివిగలోళ్ళు ఏదో ఒకదాని మీద చెయ్యి పెట్టుకొని ఇడుస్తరు. అంబదాస్ నశ్యం ఇడిచిన ఏడు మేక మీద చెయ్యి పెట్టిండు. ఆ మేక అంగట్ల అమ్ముడుపోయే దాకా తుమ్ముకుంట తిరిగింది. లస్మవ్వ చాడీలు చెప్పుడు ఇడిచి పిల్లికి అంటిచ్చింది. ఆ పిల్లి ఇప్పటికీ ఇంటింటి తలుపు సందుకు చెవి ఆనిచ్చి కూసుంటది.

చెయ్యి పెట్టకుండ ఇడిస్తే ఏమైతదో సుత వాడకు తెలుసు. పోలీసు యాక్షన్ అయిన ఏడు, పెండ్లాం చచ్చిపోయిన దుఃఖం ఓర్వలేక అంతయ్య అనేటోడు ఖాళీ చేతులతోటి ఏడుపు ఇడిచిండు. అది ఆయన తల్లిని పట్టింది. ముసలామె వండుకుంట ఏడ్చింది, తినుకుంట ఏడ్చింది, నిద్రల ఏడ్చింది. కండ్లు పోయినంక సుత ఏడ్చింది. ఆమెను కాట్లకు తీసుకపోయిన నాడు అంతయ్య కంట్ల ఒక్క చుక్క రాలే.

శంకరవ్వ ఎన్నడూ ఏమీ ఇడువలే. ఏడాది ఆఖరుకు అందరూ తమ గురించి తలుచుకుంటే ఆమె మొగని గురించి తలుచుకునేది. వచ్చే ఏడన్న ఆయన ఇంటి పట్టున ఉండాలె. అంతకు మించి ఆమె అడిగింది లేదు.

మొగడు లక్ష్మీరాజం మంచి నేతగాడు. తాగడు, కొట్టడు, నోరు పెద్దగ చెయ్యడు. ఆయనకున్నది పోవుడు ఒక్కటే. నేసుకుంట నేసుకుంట ఉన్నట్టుండి నూలు ఉరికిచ్చే నాడె పక్కకు పెట్టి, చెప్పులేసుకొని, బీడీల కోసం బజారుకు పోయినట్టే పోతడు. మళ్ళ నెలలకు గడ్డం పెంచుకొని వస్తడు. షోలాపూర్ అంటడు, బల్లార్షా అంటడు, ఆసిఫాబాద్ అవతల అడవిల కట్టె కొట్టిన అంటడు. ఎందుకు పోయినవంటే తనకే తెల్వది. "కాళ్ళు పోయినయే," అంటడు, తప్పు చేసిన పిల్లగాని లెక్క. బిడ్డ ఐలవ్వ పుట్టినప్పుడు ఆయన లేడు. కన్నతల్లి చచ్చిపోయినప్పుడు లేడు, కొరివి చిన్నాయన అంబదాసే పెట్టిండు. శంకరవ్వ పుట్టింది ఆ వాడలనే, మెట్టింది ఆ వాడలనే. అరుగు మీద కూసొని కండెలు చుట్టుకుంట, బజారు దిక్కు చూసుకుంట ఆమె నెత్తి నెరిసింది.

క్రోధి సంవత్సరం ఆఖర్ల ఐలవ్వ కాన్పుకు తల్లిగారింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. అల్లుడు దేవదాస్ జగిత్యాలల నేస్తడు, వచ్చి పిల్లను చూసి పోయిండు. లక్ష్మీరాజం మనుమరాలిని ఒళ్ళె పెట్టుకొని చానసేపు దాని పాదాలు చూసుకుంట కూసున్నడు. ఇంకా నేల తాకని పాదాలు, అరికాళ్ళు ఎర్రగున్నయి.

"ఈ ఏడు ఇడుస్తనే," అన్నడు.

రాట్నం తిప్పే శంకరవ్వ చెయ్యి ఆగింది. "ఏం ఇడుస్తవు?"

"పోవుడు ఇడుస్త."

ఇన్నేండ్లు ఎదురుచూసిన మాట. వినంగనే సంతోషం రావాలె. కానీ ఆమెకు భయమే పుట్టింది. అంత పెద్ద అలవాటును ఆ వాడల ఇప్పటిదాకా ఎవరూ ఇడువలే.

అంబదాస్‌ను అడిగిన్రు. ఆయన గోడకు ఒరిగి కండ్లు మూసుకొని ఆలోచించిండు. "నశ్యమైతే మేక మోసింది. ఇది మేక మోసేది కాదురా. గొడ్డుకు అంటిస్తే గొడ్డు పోతది, చెట్టుకు అంటిస్తే ఏమైతదో నాకు తెల్వది. పోయేదానికే అంటియ్యి. కరీంనగర్ బస్సున్నది గద. దాని మెట్టే నీకు గడప. అది ఎట్లనన్న పోయేదే, దానికేం నష్టం?"

అందరికీ ఆ మాట మంచిగనిపించింది.

అమాస నాడు లక్ష్మీరాజం తానం చేసి, కొత్త ధోతి కట్టుకొని బస్సు ఆగే కాడికి పోయిండు. శంకరవ్వ వాకిట్ల నిలబడ్డది. పొద్దు ఎదురింటి కప్పు మీదికి దిగింది. బస్సు హారన్ వినబడ్డది. కొంచెం సేపటికి బస్సు పోయిన చప్పుడు సుత వినబడ్డది. ఆ ఎంబడే లక్ష్మీరాజం వాడల్లకు ఉరుక్కుంట వచ్చిండు. చెప్పులు చేతుల పట్టుకున్నడు.

"ఏమైందయ్యా?"

"చెయ్యి పెడుదామని పోతె కాలు ఎక్కిందే. ఒక కాలు లోపట పెట్టిన సుత. కండక్టర్ రైట్ అన్నడు. ఎట్ల దిగిన్నో నాకే తెల్వది."

"ఆగు, అయితె. మేకనన్న తెస్త. అంబదాస్ మామను పిలుస్త, జర ఆగు."

ఆయన ఆగలే. ఆగితే కాళ్ళు మళ్ళ బజారు దిక్కు గుంజుతయని భయపడ్డడు. గడప మీద నిలబడి, ఖాళీ చేతులు రెండూ ముందుకు చాపి, "పోవుడు ఇడుస్తున్న," అన్నడు.

లేసింది ఆవిరి కాదు. లారీ పోయినంక రోడ్డు మీద లేసే దుమ్ము అసొంటిది లేసింది. అండ్ల డీజిల్ వాసన, నానిన అడవి కట్టె వాసన, ఏదో తెల్వని ఊరి వాన వాసన. అర్రల ఐలవ్వ పిల్ల మొఖం మీద కొంగు కప్పింది. దుమ్ము వాకిట్లకు పోయి కొంచెం సేపు నిలబడ్డది. బజారు దిక్కు పోతదనుకున్నరు. పోలే. తిరిగి వచ్చి, లక్ష్మీరాజం భుజం మీదికెళ్ళి ఇంట్ల చొచ్చి, మగ్గం గుంతల దిగింది. గుంతలున్న తొక్కుడు చెక్కలు రెండూ వాటంతట అవే పైకి కిందికి ఆడినయి, ఎవరో నడుస్తున్నట్టు. మెల్లగ ఆగినయి.

లక్ష్మీరాజం గడప మీదనే కూలబడి, "మోత దించినట్టు పెయ్యి అల్కగైందే," అన్నడు.

తెల్లారి ఉగాది. కొత్త కుండల పచ్చడి కలిపిన్రు, పూర్ణం పెట్టి బచ్చాలు చేసిన్రు. అయ్యగారు వచ్చి విశ్వావసు సంవత్సరం పంచాంగం చదివిండు. లక్ష్మీరాజం అందరితోటి కూసొని విన్నడు. మర్నాటి నుంచి మగ్గం ఎక్కి దిగకుండ నేసిండు. ఆయన కాళ్ళ కిందనే ఆ దుమ్ము ముడుచుకొని పండుకున్నది, ఆయనను మాత్రం తాకలే. వాడోళ్ళు వచ్చి చూసి, "నీ రాత మారింది శంకరవ్వా," అని పోయిన్రు. శంకరవ్వ తల ఊపింది. ఊపుకుంటనే ఇంట్ల ఉన్నోళ్ళ పాదాల దిక్కు చూసింది.

ఉగాది పోయినంక ఇంట్ల వస్తువులు తిరుగుడు మొదలైంది. గోడ దిక్కు ఇడిచిన చెప్పులు తెల్లారి లేచి చూస్తె వాకిలి దిక్కు మళ్ళి ఉంటున్నయి. శంకరవ్వ మళ్ళ గోడ దిక్కు తిప్పి పెడుతది. గొళ్ళెం పెట్టిన తలుపు తీసి ఉంటుంది. గాలి లేకున్నా తొట్టెల ఊగుతుంది. ఇటు దిక్కు కొంచెం, తలుపు దిక్కు చాన.

పిల్లకూ బాలెంతకూ తానం పోసేటందుకు అక్బరీ బేగం పొద్దుగాల్నే వస్తది. ఆ వాడల సగం మంది ఆమె చేతుల మీద పుట్టినోళ్ళే. ఒకనాడు ఆమె ఐలవ్వ కాళ్ళకు నూనె రుద్దుకుంట రుద్దుకుంట ఆగింది.

"శంకరక్కా, జర ఇటు రా. గీ పాదాలు చూడు."

శంకరవ్వ చెయ్యి పెట్టింది. ఐలవ్వ పెయ్యంతా సల్లగున్నది. అరికాళ్ళు మాత్రం రొట్టె తీసిన పెనం లెక్క కాలుతున్నయి.

"జ్వరమా, అక్బరీబీ?"

"జ్వరమైతే నెత్తి కాలుతది. ఇది అది కాదు." ఆమె ఐలవ్వకు వినబడకుండ శంకరవ్వను గోలెం కాడికి తీసుకపోయింది. "మీ ఆయన ఇడిచింది ఐలవ్వ పాదాల కాడికి వచ్చింది. మోకాళ్ళు ఎక్కితే ఇగ మన చేతిల ఉండది."

"బిడ్డనే ఎందుకు పట్టాలె? నేను లేనా ఇంట్ల?"

"లోపట జాగ చూసుకొని వస్తదక్కా అది. బాలెంత పెయ్యి అంటే ఏంది? మొన్ననే ఖాళీ అయిన ఇల్లు. ఇంకా ఊడ్చి తలుపేసుకోలే. ఏదన్న చెయ్యి జర, ఊకె కూసోకు."

ఆ పగటి పూట తొట్టెలల పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. శంకరవ్వ పెరట్లకెళ్ళి ఉరికి వచ్చింది. ఐలవ్వ గడప మీద నిలబడి ఉన్నది. పాలు కారి రవిక తడిసింది, ఆమెకు సోయి లేదు.

"అవ్వా, ఇచ్చోడ అనే ఊరు ఎంత దూరం ఉంటది?"

"నీకెందుకు బిడ్డా?"

"బాపు చెప్పేటోడు గద. ఆ రోడ్డు ఎక్కితే ఎటంటే అటు పోవచ్చట." ఐలవ్వ తన రెండు చేతులు చూసుకున్నది. "పిల్లను కింద పెడితె చేతులు ఎంత అల్కగున్నయో, అవ్వా."

చెప్పుకుంట నవ్వింది. ఆ నవ్వు శంకరవ్వకు బాగా తెలుసు. ఎన్నోసార్లు గడ్డంతోటి ఇంటికి వచ్చిన నవ్వు అది.

బిడ్డను లోపటికి గుంజి, పిల్లను ఒళ్ళె పెట్టి, తలుపేసి శంకరవ్వ మగ్గం కాడికి పోయింది. "తిరిగి తీసుకో," అన్నది.

లక్ష్మీరాజం కాళ్ళు ఆగినయి. "కూసున్న కాడ కూసునుడు ఎట్లుంటదో ఇప్పుడు తెలుస్తుందే నాకు. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడుకు ఆ పిల్లకు తల్లి ఉండది."

ఆయన అర్ర దిక్కు చూసిండు. నాడె పక్కకు పెట్టి, గుంతల పూరాగ దిగి, దుమ్ముల ఒట్టి కాళ్ళు చాపి కూసున్నడు. "రా, రావే," అని మెల్లగ పిలిచిండు. దుమ్ము లేసింది. ఆయన పాదాల చుట్టూ తిరిగింది. కొత్త మనిషిని వాసన చూసి కుక్క పక్కకు జరిగినట్టు జరిగి ఇంకో మూలకు పోయి పండుకున్నది. మళ్ళ పిలిచిండు. మళ్ళ అట్లనే అయింది. పొద్దు వంగే దాకా కూసొని పైకి వచ్చిండు.

"నన్ను గుర్తు పడుతలేదే," అన్నడు. ఎన్ని నెలలకు ఇంటికి వచ్చినా ఎన్నడూ ఏడువని మనిషి ఆ సాయంత్రం గోడ దిక్కు తిరిగి ఏడ్చిండు.

తెల్లారి ఆయన నూలు తెచ్చేటందుకు ఒట్టి కాళ్ళతోటి బజారుకు పోయిండు. ఐలవ్వ అరికాళ్ళ కాక అప్పటికి పిక్కల దాకా ఎక్కింది. శంకరవ్వ తన కొంగు చింపి ఆమె చేతికీ తొట్టెల కాలుకూ ముడేసింది. ఐలవ్వ నిద్రపోయింది. నిద్రల సుత కాళ్ళు కదులుతున్నయి.

శంకరవ్వ గుంత అంచుకు కూసున్నది. లోపట జాగ చూసుకొని వస్తదని అక్బరీ బేగం అన్న మాట ఆమెను ఇడుస్తలేదు. లక్ష్మీరాజం లేని పొద్దులన్నీ యాదికి వచ్చినయి. దీపం ముట్టిచ్చినంక ఆమె అనుకునేది, ఇప్పుడు ఆయన బల్లార్షాల ఉండొచ్చు, బల్లార్షా ఎట్లుంటదో, అక్కడ వాగున్నదో లేదో, ఆడోళ్ళు చీర ఎట్ల కడుతరో. అదంతా మొగని మీది దిగులు, రంది అనే ఇన్నేండ్లు అనుకున్నది. ఇప్పుడు గుంతల దిక్కు చూస్తుంటే అది రందేనా అని ఆమెకు అనుమానం వచ్చింది. వచ్చిన అనుమానానికి ఆమెకే భయమైంది.

ఆ ఇంట్ల ఆడోళ్ళు గుంతల కాలు పెట్టరు. శంకరవ్వ రెండు కాళ్ళూ దింపింది. లోపట సల్లగున్నది.

"రా," అన్నది.

అది ఎంబడే వచ్చింది. వాసన చూడలే, చుట్టూ తిరుగలే. చీలమండలు, మోకాళ్ళు, నడుము. ఆమె మగ్గం కర్రను గట్టిగ పట్టుకున్నది. నొప్పి పుడుతదనుకున్నది, పుట్టలే. చలికాలం ఎండల కూసున్నట్టుండె. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలే.

అర్రల ఐలవ్వ ఉలిక్కిపడి లేచింది. "అవ్వా, పిల్ల ఏది? నా చేతికి గీ ముడేంది?" అని, తొట్టెలల పిల్లను తీసి రొమ్ముకు అదుముకున్నది. శంకరవ్వ వచ్చి బిడ్డ అరికాళ్ళు తాకి చూసింది. సల్లగున్నయి.

పొయ్యి మీద పప్పేసింది. బియ్యం కడిగింది. గోలెం నిండ నీళ్ళు పోసింది. "పప్పుల ఉప్పు తక్కువెయ్యి బిడ్డా, మీ బాపు తినడు," అన్నది. ఆ మాట అనుకుంటనే ఆమె వాకిట్లకు వచ్చింది. తాను వచ్చినట్టు వాకిట్లకు వచ్చినంకనే తెలిసింది. కాళ్ళకు మొగని చెప్పులున్నయి.

వాడ మొదట్ల లక్ష్మీరాజం నూలు మూట భుజాన పెట్టుకొని ఎదురైండు. ఆయన ఆమె మొఖం చూడలే, పాదాలు చూసిండు. మూట కిందికి దింపిండు.

"బిడ్డ కాళ్ళు?"

"సల్లబడ్డయి."

"నన్ను ఇంకొక్కసారి కూసోనియ్యక పోతివా, శంకరవ్వా."

"నిన్ను గుర్తు పడుతలేదు గద."

"చెప్పులు నీకు పెద్దగైతయి."

"కానియ్యి."

ఎప్పుడొస్తవని ఆయన అడుగలే. ఆ మాట అడిగిచ్చుకున్నోడు ఆయనే, దానికి జవాబు లేదని వాడల అందరికంటే ఆయనకే ఎక్కువ తెలుసు. మూట జరిపి తొవ్వ ఇచ్చిండు. శంకరవ్వ బజారు దిక్కు పోయింది. కరీంనగర్ బస్సు ఆగి ఉన్నది.

ఆ ఏడంతా ఆమె తిరిగింది. ఆసిఫాబాద్ దిక్కు పత్తి ఏరింది. మరాఠీ మాట్లాడేటోళ్ళ ఇండ్లల్ల జొన్నలు దంచింది. ఒక కాడ వానకాలమంతా ఉన్నది, ఇంకో కాడ కుండల బువ్వ ఉడకక ముందే కాళ్ళు లేసినయి. బిడ్డ యాదికొచ్చి ఏడ్చిన పొద్దులున్నయి. తెల్వని ఊరి పొలిమేరల నిలబడి, ఈ ఊరు గిట్లుంటదా అని కడుపు నిండినట్టు చూసిన పొద్దులు సుత ఉన్నయి. హుస్నాబాద్‌ల ఎవరూ ఆమెను తప్పు పట్టలే. శంకరవ్వకు పోవుడు పట్టిందట అని, చలిజ్వరం వచ్చిందన్నట్టు చెప్పుకున్నరు.

మళ్ళ ఫాల్గుణం వచ్చేసరికి ఆమె ఇచ్చోడల, రోడ్డు పక్క హోటల్‌ల లారీలోళ్ళకు జొన్నరొట్టెలు చేస్తుంది. చీరల మూటతోటి అంగడికి వచ్చిన అంబదాస్ రొట్టె తిందామని కూసొని, రొట్టె కొట్టే చేతులను గుర్తు పట్టిండు. చేతులు అవే. మొఖం ఎండకు నల్లబడి గట్టిపడ్డది.

"కోడలా," అన్నడు.

ఆమె ఆయనకు రొట్టె పెట్టింది, ఉల్లిగడ్డ పెట్టింది. ఆయన తినుకుంట ఇంటి ముచ్చట్లు చెప్పిండు. ఐలవ్వ అత్తగారింట్ల మంచిగున్నది, పండుగకు వచ్చింది. లక్ష్మీరాజం మగ్గం దిగుతలేడు. దిగితే అరుగు మీద కూసొని బజారు దిక్కు చూస్తడు.

"అమాస దగ్గర పడ్డది. ఇంటికి రా కోడలా. గడప మీద నిలబడి ఇడువు. వాడు తన నెత్తి మీద చెయ్యి పెట్టి ఇడువమంటుండు."

"ఆయనకు అది అంటుకోదు మామా. చూసినం గద." ఆమె పెనం మీద రొట్టె తిప్పింది. "పిల్ల నడుస్తుందా?"

"నడుస్తుందా ఏంది, పట్టుకునుడే కష్టమైంది."

"ఎటు దిక్కు నడుస్తది?"

అంబదాస్ నోటి కాడి ముద్ద కింద పెట్టిండు. ఆమె ఏం అడుగుతుందో ఆయనకు తెలిసింది. "తల్లి ఎటుంటె అటు," అన్నడు.

"అయితె నేను రాను." శంకరవ్వ పొయ్యిల కట్టె ఎగదోసింది. "కొత్తగ కాళ్ళొచ్చిన పిల్ల ఉన్నది ఆ ఇంట్ల. అది ఉన్న గడప మీద దీన్ని ఎట్ల దింపుత?"

అది నిజమే. ఇంకో నిజం ఆమె చెప్పలే. ఈ ఏడు ఆఖర్ల మొట్టమొదటిసారి ఆమె తన గురించి తలుచుకున్నది. లోపట మూలమూల వెతికింది. దాన్ని పొమ్మనే మాట ఎక్కడా దొరకలే.

పొద్దు వంగింది. రోడ్డు మీద బస్సొకటి వచ్చి ఆగింది. శంకరవ్వ చేతుల పిండి కడుక్కొని, హోటలాయనతోటి రెండు మాటలు చెప్పి, చిన్న మూట సంకన పెట్టుకొని వచ్చింది. అంబదాస్ లేచి నిలబడ్డడు.

"ఎటు కోడలా?"

ఆమె తల వంచి తన పాదాల దిక్కు చూస్తుంది, ఎటు మళ్ళుతయో అని.